ఇంట్లో ఇంజన్ మార్చుకునేవాళ్ళకి: 'వారంటీ ఉందన్నా' అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ముందూ వెనకా చూసుకోకుండా రాసేస్తున్నాను. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజన్లు అమ్మే ఆ పెద్దమనిషి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. ప్రతి ఇంజన్ కిందా 'టెస్టెడ్, వారంటీ' అని రాసి, స్టార్ట్ చేసిన వీడియో ఒకటి తగిలిస్తాడే, అతనే. పేరు రాయను. రాస్తే ఈ పోస్టే ఎగిరిపోతుంది.

నా కారులో బేరింగ్ పోయి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గీసుకుపోయింది. రిపేరు కన్నా వేరే ఇంజన్ వేయడమే నయమనుకుని అతని దగ్గర కొన్నాను. సిల్వర్ పెయింట్ కొట్టి, తళతళలాడుతూ వచ్చింది. గ్యాస్కెట్ అంచుల మీదా పెయింటే, బోల్టు తలల మీదా పెయింటే. అంత శుభ్రంగా ఉంటే ఎవరికైనా ముద్దొస్తుంది మరి! ఇంజన్ బయట ఉన్నప్పుడే సులువు కదా అని టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, వెనక క్రాంక్ సీల్, క్లచ్ ప్లేట్ అన్నీ కొత్తవి వేసి మరీ ఎక్కించాను. ఆ సామాన్ల ఖర్చు వేరు.

సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది. ఆ సంతోషం కాసేపే. ఇంజన్ ఇంకా పూర్తిగా వేడెక్కకముందే రేడియేటర్ పై గొట్టం నొక్కితే లొంగనంత గట్టిపడింది. కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ. ఆపేసి చూస్తే గేజ్ పుల్లకి అంటిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. ప్లగ్గులు విప్పి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో చూశాను. ఒకటో సిలిండర్, నాలుగో సిలిండర్ 12 బార్ చూపిస్తే, రెండు, మూడు 5 కూడా దాటలేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయాయంటే, పైగా ఈ బుడగలూ పొగా కూడా ఉన్నాయంటే, ముందు అనుమానించాల్సింది హెడ్ గ్యాస్కెట్‌నే, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్‌నే. హెడ్ వంగిందో, పగిలిందో విప్పితే గానీ తెలియదు.

అసలు సంగతి ఆ తర్వాత కనిపించింది. హెడ్ పక్కన పెయింట్ కొంచెం ఉబ్బెత్తుగా ఉంటే గోటితో గీకాను. కింద మాత్రబిళ్ళంత గుండ్రటి జిగురు మరక. హీట్ ట్యాబ్ ఉండే చోటు అది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, పాత ఇంజన్లు అమ్మేవాళ్ళు హెడ్‌కో బ్లాక్‌కో ఒక చిన్న లోహపు బిళ్ళ అంటిస్తారు. ఇంజన్ ఓవర్‌హీట్ అయితే దాని మధ్య భాగం కరిగిపోతుంది. దాన్ని చూసే వారంటీ ఇవ్వాలా వద్దా అన్నది తేలుస్తారు. నాకు వచ్చిన ఇంజన్‌కి ఆ బిళ్ళ పీకేసి, పైన పెయింట్ కొట్టి పంపారు. నేను రెంచి పట్టుకోకముందే ఇది ఒకసారి ఉడికిపోయిన ఇంజన్ అన్నమాట.

ఫొటోలు తీసి ఫోన్ చేశాను. డబ్బు కట్టకముందు ఈయన మాట ఎలా ఉండేదనుకున్నారు? "అన్నా, మీలాంటోళ్ళు ఇంట్లోనే ఎక్కించుకుంటారు, ఏం టెన్షన్ పడకండి, వారంటీ మాది" అనేవాడు. ఏ బోల్టు ముందు విప్పాలో కూడా చెప్పాడు. ఇప్పుడు మొత్తం విని, తాపీగా, "ఎవరు బిగించారు సార్?" అన్నాడు.

నేనే అన్నాను.

"మీరు మెకానిక్కా?"

కాదు, మీకు తెలుసు కదా అన్నాను.

"అయితే గ్యారేజీ బిల్లు లేదుగా. బిల్లు లేకపోతే వారంటీ వర్తించదు సార్. మీరు గొట్టాల్లో గాలి తీయకుండా కూలెంట్ పోసి ఉంటారు, అందుకే హెడ్ పోయింది."

మరి హీట్ ట్యాబ్ ఏమైందంటే, "మీరే పీకి ఉంటారు" అని నవ్వాడు. నవ్వాడండీ! వెనకాల ఇంకెవరో కూడా నవ్వడం వినిపించింది. పీకింది నేనైతే పెయింట్ కిందకి ఆ మరక ఎలా వెళ్ళిందయ్యా అంటే ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నంబరు బ్లాక్. ఇంజన్ పోయినా ఇంత బాధ లేదు, పాత సామాను అన్నాక పోవచ్చు. నాకు చేతకాదని తేల్చేసి, అది కూడా నవ్వుతూ చెప్పాడు చూడండి, అది మింగుడుపడట్లేదు.

ఆ వీడియో మళ్ళీ చూశాను. ఇంజన్ తిరుగుతుంది, పక్కన ఎవరిదో చెయ్యి ఊగుతుంది. బ్లాక్ మీది నంబరు ఒక్క క్షణం కూడా కనపడదు. అది నా ఇంజనో కాదో దేవుడికే తెలియాలి.

కొనేవాళ్ళు ఈ రెండు మూడు చూసుకోండి చాలు. ఇంట్లో బిగించుకున్నా వారంటీ వర్తిస్తుందని డబ్బు కట్టకముందే మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఇంజన్ నంబరు, హీట్ ట్యాబ్ రెండూ ఒకే వీడియోలో కట్ లేకుండా చూపించమనండి. కంప్రెషన్ చూపించమంటే, గేర్‌బాక్స్ లేకుండా సెల్ఫ్ తిరగదు, ఎలా చూస్తాం అంటారు అమ్మేవాళ్ళు, చాలా ఇంజన్లకి అది నిజమే. కానీ లీక్‌డౌన్ టెస్టుకి సెల్ఫ్ అక్కర్లేదు, ఆ సిలిండర్ పిస్టన్ పైకొచ్చి వాల్వులన్నీ మూసుకున్నప్పుడు ప్లగ్ రంధ్రంలోకి గాలి ఎక్కిస్తే, అది ఎటు కారుతోందో నేల మీదే తెలుస్తుంది. గాలి ఆయిల్ మూత దగ్గర వస్తే పిస్టన్ రింగులు, ఇన్‌టేక్‌లో వస్తే వాల్వులు, కూలెంట్ దారిలో వస్తే నా ఇంజన్ లాంటిదే. కారులో ఎక్కించాక కాదు, డెలివరీ బండి మీంచి దించిన రోజే చేయండి. పెయింట్ కొత్తగా ఉంటే గీకి చూడండి.