తిమింగలాల నూనె వెలిగించిన ఊళ్లు: న్యూ ఇంగ్లండ్ తీరంలో చిన్న గ్రూపు స్టడీ టూర్

అమెరికా ఈశాన్య తీరంలో పాత రేవు పట్టణాలు, వాటి ఎదుట సముద్రంలో ఉన్న దీవులు చూపించే స్టడీ టూర్‌కి ఈ సెప్టెంబరులో నేనూ మా వారూ వెళ్లొచ్చాం. న్యూ బెడ్‌ఫర్డ్, మార్తాస్ విన్యార్డ్, నాన్‌టకెట్, చివర్న న్యూపోర్ట్. నేను చాలా ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. గైడ్‌కి ఎంత తెలుసో దానికంటే, తెలిసింది మనకి ఎలా పట్టుబడేలా చేస్తున్నారో చూడటం నా అలవాటు. ఆ లెక్కన ఈ టూర్‌కి పెట్టిన డబ్బు మాకు పూర్తిగా గిట్టింది. గట్టిగా చెప్పాల్సిన లోపాలూ ఉన్నాయి, అవీ రాస్తాను.

గ్రూపులో పదిహేను మందికి మించి తీసుకోరు. ఈ ఒక్క నియమం మీదే టూరంతా ఆధారపడి ఉందని నా అభిప్రాయం. పాత ఇళ్లలో గదులు చిన్నవి, మెట్లు ఇరుకు. ముప్పై మంది దూరితే వెనకున్నవాళ్లకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. మేమందరం ఒకే వస్తువు చుట్టూ నిలబడగలిగాం. ఒకరు అడిగిన ప్రశ్న అందరికీ వినపడేది. మా వెంట ఉన్న లీడర్ సముద్ర చరిత్ర చదువుకున్నావిడ. ముందు వస్తువు చూపించి కాసేపు ఏమీ మాట్లాడరు, మమ్మల్ని చూడనిస్తారు. ఏం కనిపించిందో మా చేత చెప్పిస్తారు. కథ ఆ తర్వాతే. క్లాసులో ఇలా చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

న్యూ బెడ్‌ఫర్డ్ వేలింగ్ మ్యూజియంలో ఈ పద్ధతి బలం పూర్తిగా తెలిసింది. అక్కడ పైకప్పు నుంచి 66 అడుగుల నీలి తిమింగలం ఎముకల గూడు వేలాడుతుంది. ఇంకా పూర్తిగా ఎదగని మగది. 1998లో ఓడ ఢీకొని చనిపోయింది. ఇన్నేళ్లయినా దాని ఎముకల్లోంచి నూనె కారుతూనే ఉంది, దాన్ని పట్టడానికి ఒక సీసా పెట్టారు. లీడర్ మమ్మల్ని సరిగ్గా ఆ సీసా దగ్గర నిలబెట్టారు. చచ్చిపోయిన జంతువు ఎముకల్లో మిగిలిన నూనే ఇంత ఉంటే, వందల ఓడలు మూడు నాలుగేళ్ల పాటు సముద్రాల మీద తిరిగి తెచ్చిన నూనె ఎంతుంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 19వ శతాబ్దం మధ్యలో తిమింగలాల వేటకి ప్రపంచంలోకెల్లా పెద్ద రేవు ఇదే.

పక్క గదిలో స్పెర్మసెటీ కొవ్వొత్తులున్నాయి. స్పెర్మ్ వేల్ తలలో దొరికే మైనం లాంటి పదార్థం అది. దాంతో చేసిన కొవ్వొత్తి వాసన లేకుండా, మంట ఊగకుండా నిలకడగా వెలుగుతుంది. ఆ నిలకడ వల్లే 1860లో బ్రిటన్ చేసిన చట్టం వెలుతురు కొలతకి దాన్నే ప్రమాణంగా తీసుకుంది. గంటకి 120 గ్రెయిన్ల (దాదాపు 8 గ్రాముల) చొప్పున కాలే స్పెర్మసెటీ కొవ్వొత్తి ఇచ్చే వెలుతురు ఒక క్యాండిల్ పవర్. వెలుతురు తీవ్రతకి ప్రమాణమని నేను ఇన్నేళ్లు పిల్లలకి చెప్పిన కాండెలాకి మూలం అక్కడుంది. దాని ముందు నుంచి కదలడానికి నాకు మనసొప్పలేదు. లీడర్ అది గమనించి గ్రూపుని కాస్త ఆపారు. పెద్ద గ్రూపులో ఇది జరిగే పని కాదు.

అక్కడే లూయిస్ టెంపుల్ గురించి విన్నాం. న్యూ బెడ్‌ఫర్డ్‌లో కొలిమి నడిపిన నల్లజాతి కమ్మరి. 1848లో ఆయన కొత్త రకం హార్పూన్ (తిమింగలాల మీదికి విసిరే బరిసె) తయారుచేశాడు. ఒంట్లో దిగాక దాని మొన అడ్డం తిరిగి ఇరుక్కుపోతుంది, ఇక ఊడి రాదు. దాని నమూనా మా చేతికిచ్చి, మొన ఎలా తిరుగుతుందో మమ్మల్నే కనిపెట్టమన్నారు. టెంపుల్ పేటెంటు తీసుకోలేదు. వేట వ్యాపారమంతా ఆ హార్పూన్ మీద నడిచింది, ఆయనకి మాత్రం రావాల్సినంత రాలేదు.

సముద్రంలో పోయినవాళ్ల పేర్లు చలవరాతి పలకల మీద చెక్కి గోడలకి బిగించిన సీమెన్స్ బెతెల్ అనే చిన్న చర్చి కూడా ఆ వీధిలోనే ఉంది. 1832లో కట్టారు. లోపల ఓడ ముందుభాగం ఆకారంలో ఉన్న ప్రసంగ వేదికని అందరూ ఫోటో తీసుకుంటారు. మెల్విల్ ‘మోబీ డిక్’ నవలలో అలాంటి వేదిక గురించి చదివినవాళ్లు వచ్చి దాని కోసం వెతుకుతుంటే 1961లో పెట్టించారని, పాత చర్చిలో అలాంటిది లేదని లీడర్ ముందే చెప్పేశారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. చాలామంది గైడ్లు ఆ మాట దాటేస్తారు.

ఉడ్స్ హోల్ నుంచి ఫెర్రీలో ముప్పావుగంట వెళ్తే మార్తాస్ విన్యార్డ్. ఓక్ బ్లఫ్స్‌లో రంగురంగుల చెక్క కాటేజీలు మూడొందలకి పైగా ఉన్నాయి. 1835లో మెథడిస్టు క్రైస్తవులు గుడారాలు వేసుకుని ప్రార్థనలు మొదలుపెట్టిన చోటు అది, తర్వాత గుడారాల స్థానంలో ఈ ఇళ్లొచ్చాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, గంట చాలు. నన్ను పట్టేసింది ఈ దీవిలోనే ఉన్న చిల్‌మార్క్ అనే ఊరి కథ. ఒకప్పుడు ఈ దీవిలో వంశపారంపర్యంగా వినికిడి లేనివాళ్లు ఎక్కువగా ఉండేవారు. 19వ శతాబ్దంలో అమెరికా మొత్తం మీద సుమారు 5,700 మందికి ఒకరైతే, ఇక్కడ 155 మందికి ఒకరు. ఆ ఊళ్లలో వినపడేవాళ్లు కూడా చిన్నప్పటినుంచీ సైగల భాష నేర్చుకున్నారు. చేపల పడవల మీద, కొట్లలో, ఇంట్లో అందరూ సైగలతోనే మాట్లాడుకునేవారు. ఆ భాష వాడుకలో పెరిగిన చివరి బధిరురాలు 1952లో చనిపోయారు. చూపించడానికి అక్కడ పెద్ద కట్టడమేమీ లేదు. ఒక మామూలు రోడ్డు పక్కన నిలబెట్టి చెప్పారు. బస్సు టూర్లలో ఇలాంటి చోట ఆపనే ఆపరు.

విన్యార్డ్ హేవెన్ మ్యూజియంలో గే హెడ్ లైట్‌హౌస్‌లో 1856 నుంచి వెలిగిన ఫ్రెనెల్ లెన్స్ ఉంది. మొత్తం 1,008 గాజు ప్రిజాలు. మధ్యలో ఉన్న ఒక్క దీపం నుంచి పైకీ కిందికీ పోయే వెలుతురుని వంచి, ప్రతిఫలింపజేసి, సముద్రం వైపు అడ్డంగా పంపడం దాని పని. పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద ఈ బొమ్మ చాలాసార్లు గీశాను. అసలుది కళ్లెదుట ఉంటే ఆ బొమ్మ ఎంత చిన్నదో అర్థమైంది. లైట్‌హౌస్ కట్టడాన్ని మాత్రం 2015లో 129 అడుగులు లోపలికి జరిపారు, సముద్రం కొండ అంచుని కోసేస్తోందని.

ఆ లైట్‌హౌస్ ఉన్న అక్విన్నా దగ్గరే నా పెద్ద ఫిర్యాదు. రంగు మట్టి కొండల పక్కన వాంపనోగ్ తెగ ప్రజల నేల అది. అక్విన్నా వాంపనోగ్ తెగకి 1987లో ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. వలస వచ్చినవాళ్ల ఓడల గురించి అన్ని రోజులు విన్నాక, ముందునుంచీ అక్కడున్నవాళ్ల మాట వినాలి కదా. కార్యక్రమంలో తెగవాళ్లతో మాట్లాడే సమయం ఉందని రాశారు. ఫెర్రీ టైముకి పరుగెత్తాల్సి వచ్చి దాన్ని ఎత్తేశారు, కొండ అంచున కాసేపు నిలబెట్టి వెనక్కి తీసుకొచ్చేశారు. ఫెర్రీ టైములు కంపెనీకి ముందే తెలుసు. ప్లానులోనే అక్కడికి పూట కేటాయించి ఉండాల్సింది. అభిప్రాయం అడిగిన ఫారంలో ఈ సంగతి రాసిచ్చాను.

నాన్‌టకెట్ ఈ టూర్‌కి ప్రాణం. కేప్ కాడ్ నుంచి ముప్పై మైళ్ల దూరంలో ఉన్న చిన్న దీవి. ఉప్పుగాలికి బూడిద రంగు తిరిగిన సీడర్ పెచ్చుల ఇళ్లు, గుండ్రాళ్లు పరిచిన మెయిన్ స్ట్రీట్. ఆ వీధి చివర ఇటుక బ్యాంకు భవనం ఉంది. ఖగోళ శాస్త్రవేత్త మరియా మిచెల్ తండ్రి అందులో కేషియర్, కుటుంబం పైన ఉండేది. 1847 అక్టోబరు 1 రాత్రి ఆమె ఆ పైకప్పు మీద నుంచి చిన్న టెలిస్కోపుతో ఒక తోకచుక్కని కనిపెట్టింది. డెన్మార్క్ రాజు బంగారు పతకం ఆమెకి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌కి ఎన్నికైన మొదటి మహిళ ఆమే. 1865లో వాసర్ కాలేజీలో ఖగోళశాస్త్రం ప్రొఫెసర్ అయింది. ఓడలు నడిపేవాళ్లకి నక్షత్రాల లెక్క బతుకు తెరువు కాబట్టి, ఆ ఊళ్లో ఒక అమ్మాయి టెలిస్కోపు దగ్గర కూర్చుంటే ఎవరికీ వింతగా అనిపించలేదని లీడర్ వివరించారు.

అక్కడినుంచి నాలుగడుగుల్లో ఎథీనియం లైబ్రరీ. మరియా అక్కడే లైబ్రేరియన్. 1841 ఆగస్టులో బానిసత్వ వ్యతిరేక సభలో ఫ్రెడరిక్ డగ్లస్ మాట్లాడింది కూడా అక్కడే. న్యూ బెడ్‌ఫర్డ్‌లో మేం చూసిన ఒక ఇంట్లోనే 1838లో బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన డగ్లస్ తలదాచుకున్నాడు. ఓడల సందులు పూడ్చే పని చేతిలో ఉన్నా, తెల్ల పనివాళ్లు తనతో కలిసి పనిచేయబోమని అన్నందుకు కూలిపనులు చేసుకున్నాడు. రెండు ఊళ్లలో విడివిడిగా విన్న మనుషులు ఇక్కడ ఒకే చోట కలిశారు. ఈ టూర్ వరస ఎవరో బాగా ఆలోచించి వేశారు.

నాన్‌టకెట్‌లో 1846లో మంటలు లేచినప్పుడు గోదాముల్లో నూనె పీపాలు కూడా అంటుకుని ఊళ్లో పెద్ద భాగం కాలిపోయింది. రేవు ముఖద్వారంలో ఇసుక మేట వేసి పెద్ద ఓడలు రాలేకపోయాయి. 1859లో పెన్సిల్వేనియాలో పెట్రోలియం పడింది, తిమింగలం నూనెకి గిరాకీ తగ్గింది. ఊరు ఖాళీ అయింది, కొత్త ఇళ్లు కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు. పాత ఇళ్లు అలా మిగిలాయి. న్యూపోర్ట్‌లో పాత చెక్క ఇళ్లు మిగలడానికీ దగ్గరగా ఇదే కారణం: స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆక్రమించాక అక్కడి వ్యాపారం దెబ్బతింది.

న్యూపోర్ట్ రోజు మిగతావాటంత బాగా కుదరలేదు. వాండర్‌బిల్ట్ కుటుంబం 1895లో పూర్తిచేసిన డెబ్బై గదుల బ్రేకర్స్ భవనంలో ఎవరి హెడ్‌సెట్ వాళ్లకిచ్చి వదిలేశారు. ఇక చిన్న గ్రూపై ఉపయోగమేముంది? మధ్యాహ్నం తీసుకెళ్లిన శ్మశానం ఆ రోజుని నిలబెట్టింది. నల్లజాతివాళ్ల సమాధులున్న భాగం అది. బానిసల వ్యాపారంలో న్యూపోర్ట్ వర్తకులది పెద్ద చెయ్యి. అక్కడ 1768లో చనిపోయిన కఫీ గిబ్స్ అనే ఆయన రాయి మీద, దీన్ని చెక్కింది తన అన్నదమ్ముడు పాంప్ స్టీవెన్స్ అని ఉంది. పాంప్ కూడా బానిసే. యజమాని రాళ్ల కొట్టులో పనిచేస్తూ తనవాడి రాయి మీద తన పేరు చెక్కుకున్నాడు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

మిగతావి క్లుప్తంగా. హోటళ్లు శుభ్రంగా, ఊరి మధ్యలో ఉన్నాయి. భోజనాల్లో చేపలు, క్లామ్ చౌడర్ (ఆల్చిప్పల చిక్కటి సూప్) ఎక్కువ. శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి, చెబితే సరిగానే చూసుకుంటారు. రాత్రి భోజనం తర్వాత స్లైడ్లతో లెక్చర్ పెట్టడం బాగోలేదు. రోజంతా నడిచినవాళ్లకి కళ్లు మూతపడతాయి, అది ఉదయం పెట్టాలి. బ్రోచర్‌లో నడక ‘సులువు’ అని వేశారు. నాన్‌టకెట్ గుండ్రాళ్ల మీద, చెట్ల వేళ్లు పైకి లేపిన ఇటుక ఫుట్‌పాత్‌ల మీద మా వారి మోకాలు చాలా ఇబ్బంది పెట్టింది. మడమ పట్టి ఉండే బూట్లు, కావాలంటే చేతికర్ర తీసుకెళ్లండి.

బీచ్‌లో పడుకుని రావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. పన్నెండు దాటి, ప్రశ్నలు అడిగే పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లొచ్చు. జులై, ఆగస్టుల్లో దీవులు కిక్కిరిసి ఉంటాయి, సెప్టెంబరు హాయి. బుక్ చేసే ముందు కంపెనీని రెండు సంగతులు అడగండి: అక్విన్నాలో ఎన్ని గంటలు ఉంటారు, అక్కడ తెగవాళ్లతో మాట్లాడటం ఖాయమా. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.