సున్నాను నమ్మి పడుకున్న 19 రాత్రులు

ఈ బ్యాకప్ టూల్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. దాని వేగం గురించీ ఎన్‌క్రిప్షన్ గురించీ చాలామంది రాశారు. నా బాధంతా ఒక్క అంకె గురించి: పని ముగించి వెళ్లేటప్పుడు, ఆ పని ఎలా ముగిసిందో చెబుతూ అది షెల్‌కు (మన కమాండ్‌లను నడిపే ప్రోగ్రాముకు) అప్పజెప్పే ఎగ్జిట్ కోడ్. కొత్త వెర్షన్ వేశాక ఆ అంకెను నమ్మి దెబ్బ తిన్నాను.

పాత వెర్షన్‌లో అన్ని ఫైళ్లూ భద్రమైతే 0, కొన్నింటిని చదవలేకపోతే 1, అసలు పనే జరగకపోతే 2 వచ్చేవి. కమాండ్‌లను వరుసగా వాటంతటవే నడిపే నా స్క్రిప్టు నిలబడింది ఈ మూడింటి మీదే. రాత్రి రెండింటికి బ్యాకప్ మొదలవుతుంది. 0 వస్తేనే తరువాతి వరుస నడిచి, 14 రోజులు దాటిన ప్రతులను తుడిచేస్తుంది. వేరే అంకె ఏది వచ్చినా అక్కడే ఆగి నాకు మెయిల్ పంపుతుంది.

అప్‌గ్రేడ్ చేసిన పూట ఒకసారి చేత్తో నడిపి చూశాను. 0 వచ్చింది, ఫైళ్లన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రమే వేరే పని మీద ఒక ఫోల్డరును ఇంకో యూజర్ పేరు మీదకు మార్చాను. దాంతో బ్యాకప్ నడిపే యూజర్‌కు దాన్ని చదివే హక్కు పోయింది. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ పాత వెర్షన్ అయితే ఆ రాత్రే 1 ఇచ్చేది, తెల్లారేసరికి నాకు మెయిల్ ఉండేది.

మెయిల్ రాలేదు. 19 రాత్రులు గడిచాక ఆ ఫోల్డరులోని ఒక లెక్కల పట్టికను పొరపాటున చెరిపేసి, ముందురోజు ప్రతి నుంచి తీయబోయాను. ఫోల్డరే లేదు. దాని ముందురోజు ప్రతిలోనూ లేదు. వరుసగా 14 ప్రతులూ తెరిచాను, ఎందులోనూ లేదు. అది ఉన్న ప్రతులన్నింటినీ నా స్క్రిప్టే, 0 వచ్చింది కదా అని, రోజుకొకటి చొప్పున తుడిచేసింది. కంచే చేను మేసింది. లాగ్ తెరిస్తే ‘అనుమతి లేదు, వదిలేస్తున్నాను’ అన్న హెచ్చరిక 19 సార్లు ఉంది, ప్రతిసారీ దాని కిందే ‘పూర్తయింది’ అని ఉంది. నెలన్నర కిందట విడిగా ఒక డిస్కులో వేసుకున్న ప్రతి దొరికింది కాబట్టి సరిపోయింది. మిగతా నెలన్నర లెక్కలు కూర్చుని మళ్లీ ఎక్కించాను.

తరువాత ఒక పూటంతా పరీక్షించాను. మూడు ఫైళ్లున్న ఫోల్డరు తీసుకుని ఒకదానికి హక్కులన్నీ తీసేశాను. రూట్‌గా, అంటే సర్వ హక్కులున్న యూజర్‌గా నడిపితే ఆ అడ్డు పనిచేయదు కాబట్టి మామూలు యూజర్‌గానే నడిపాను. ప్రతిని అదే యంత్రంలోని డిస్కుకు పంపితే 0 వచ్చింది. నెట్‌వర్క్ మీద వేరే యంత్రానికి పంపితే 1. దానికే సందేశాలు తగ్గించే ఆప్షన్ చేరిస్తే మళ్లీ 0. ఒకే లోపానికి ఇన్ని జవాబులా! మొదట్లో టూల్ సందేశాలను తెర మీద చూపుతూనే ఫైలులోకీ రాసే టీ (tee) కమాండ్‌కు పైపు కలిపి, అంటే వాటిని నేరుగా దానికి అందించి చూడటం వల్ల అన్నిటికీ 0 కనిపించింది. పైపులో చివరి కమాండ్ కోడే మనకు దక్కుతుంది. పైపులో ఏ కమాండ్ విఫలమైనా ఆ కోడ్‌ను దాచకుండా చూపే పైప్‌ఫెయిల్ (pipefail) అనే షెల్ సెట్టింగు పెట్టాకే అసలు అంకెలు బయటపడ్డాయి. మీరు పరీక్షిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

కోడ్‌ల అర్థం టూల్‌కొక రకంగా ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ (grep) 1 ఇస్తే వెతికింది దొరకలేదని, 2 ఇస్తే పొరపాటు జరిగిందని అర్థం. ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే ఆర్‌సింక్ (rsync)లో కొన్ని ఫైళ్లు చేరకపోతే 23, బదిలీ మధ్యలో మాయమైతే 24. ఒకసారి నేర్చుకుంటే చాలు, ఏళ్ల తరబడి ఆ మాట మీదే ఉంటాయి. ఇక్కడ మాట మారింది. మార్పుల జాబితాలో మాత్రం ‘హెచ్చరికల తీరు మెరుగుపరిచాం’ అన్న ఒక్క ముక్కే ఉంది.

‘పెట్టి మరచిపోవచ్చు’ అని రెండేళ్ల కిందట నలుగురికీ దీన్ని సిఫారసు చేశాను. వేగం గురించి అప్పుడు చెప్పింది ఇప్పటికీ నిజం. మరచిపోవచ్చన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రస్తుతానికి పాత వెర్షన్‌కే తిరిగి వెళ్లాను. నా యంత్రాలు బయటి నెట్‌వర్క్‌కు కనిపించవు కాబట్టి నాకది కుదిరింది. భద్రతా సవరణలు తప్పనిసరైనవారికి ఈ దారి పనికిరాదు. తెర ముందు కూర్చుని చేత్తో నడిపేవారికి హెచ్చరిక కళ్ల ముందే కనిపిస్తుంది, వారు కొత్తదాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. నాలాగా నిద్రపోతూ నడిపించేవారైతే తుడిచే వరుసను బ్యాకప్‌కు నేరుగా ముడివేయకండి. నా స్క్రిప్టు ఇప్పుడు ప్రతి పెద్ద ఫోల్డరు నుంచీ ఒక ఫైలును బ్యాకప్ ప్రతిలోంచి వెనక్కి తీసి, అసలుదానితో సీఎంపీ (cmp) కమాండ్ ద్వారా పోలుస్తుంది. రెండూ ఒకటే అయితే ఆ కమాండ్ 0 ఇస్తుంది. అన్నిటికీ 0 వచ్చాకే తుడిచే వరుస మొదలవుతుంది.