ప్రాథమిక తరగతుల సైన్స్ కిట్: పరికరాలు మేలు, కరదీపికకే తొందర

ప్రాథమిక తరగతులకు సైన్స్ కిట్ కొనేటప్పుడు చాలామంది పెట్టెలో ఎన్ని వస్తువులున్నాయో చూస్తారు. అమ్మేవారు కూడా ఆ సంఖ్యనే పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. 3, 4, 5 తరగతుల పిల్లల చేత ఈ కిట్‌ను వాడించి చూసిన మీదట, ఆ సంఖ్య కన్నా రెండు విషయాలు ముఖ్యమని చెప్పగలను. వస్తువు పిల్లల చేతుల్లో నాలుగు కాలాలు నిలుస్తుందా అన్నది మొదటిది. దానితో చేసే ప్రయోగానికి జవాబు పిల్లలకు ముందే తెలిసిపోకుండా ఉంటుందా అన్నది రెండోది. మొదటి పరీక్షలో ఈ కిట్ మంచి మార్కులతోనే గట్టెక్కింది. రెండో దానిలో మాత్రం, పరికరాల దోషం పెద్దగా లేకపోయినా, వాటితో పాటు ఇచ్చిన కరదీపిక వల్ల వెనకబడింది. దాదాపు ఇవే వస్తువులు, ఇవే కృత్యాలు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి కనుక తయారీదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు.

పెట్టెలో సర్దిన తీరు బాగుంది. ఒక్కో అంశానికి ఒక్కో ట్రే ఉండి, ట్రేలో ప్రతి వస్తువుకూ దాని ఆకారానికి తగిన గుంట ఉండడం వల్ల, పీరియడ్ అయ్యాక ఏది తిరిగి రాలేదో లెక్కపెట్టకుండానే తెలిసిపోతుంది. దండాయస్కాంతాల జతను మధ్యలో చెక్కముక్క ఉంచి, ఒకదాని ఉత్తర ధ్రువం పక్కన రెండోదాని దక్షిణ ధ్రువం వచ్చేలా అమర్చి, రెండు కొసలకూ మెత్తని ఇనుప పలకలు తగిలించి ఇచ్చారు. ఇలా భద్రపరిచిన అయస్కాంతాలు చాలాకాలం బలం తగ్గకుండా ఉంటాయి. ఇనుప రజనును విడి పొట్లంలో కాక, మూత తెరవడానికి వీల్లేని పారదర్శకమైన డబ్బాలో పెట్టారు. విడి రజను అయస్కాంతానికి అంటుకుంటే వదిలించడం ఎంత కష్టమో, అదే చేత్తో పిల్లవాడు కళ్లు నలుపుకుంటే ఏమవుతుందో టీచర్లకు వేరే చెప్పనక్కరలేదు. థర్మామీటర్లు కూడా పాదరసానివి కావు, ఎర్ర రంగు కలిపిన ఆల్కహాలువి. చిన్నపిల్లల తరగతికి ఇవే తగినవి.

కిట్ మొత్తంలో నాకు బాగా నచ్చింది, చూడడానికి అతి సాదాగా కనిపించే లోలకం. ఒక స్టాండు, కొంత దారం, కొక్కేలు బిగించిన మూడు గుండ్లు, అంతే. ఒకటి చెక్కది, ఒకటి గాజుది, ఒకటి ఇనుపది. మూడూ ఒకే పరిమాణంలో ఉండేలా చూసుకోవడంలోనే దీన్ని తయారుచేసిన వారి తెలివి ఉంది. లోలకం పొడవును దారం కట్టిన చోటి నుంచి గుండు నడిమధ్య వరకు కొలవాలి. గుండ్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే దారం అంతే ఉన్నా లోలకం పొడవు మారిపోతుంది, అప్పుడు ఊపులో వచ్చిన తేడా బరువు వల్లనే వచ్చిందని పిల్లలు తీర్మానించేసుకుంటారు. నాసిరకం కిట్లలో సరిగ్గా ఈ చిక్కే వస్తుంది.

బరువైన గుండు త్వరగా ఊగుతుందా, తేలికైనది త్వరగా ఊగుతుందా అని అడిగితే తరగతి రెండు పక్షాలుగా చీలుతుంది. రెండు పక్షాలూ ఓడిపోయే ప్రశ్న ఇది. ఒక్క ఊపును గడియారంలో పట్టుకోవడం చిన్నవాళ్లకు కుదరదు కాబట్టి పది ఊపులకు పట్టే కాలాన్ని చూసి పదితో భాగించమంటే, గుండు ఏదైనా సమాధానం ఇంచుమించు ఒకటే వస్తుంది. దారం పొడవు మారిస్తే మాత్రం మారుతుంది: 25 సెంటీమీటర్లకు ఒక పూర్తి ఊపు సుమారు 1 సెకను, 1 మీటరుకు సుమారు 2 సెకన్లు. ఒక జట్టు పిల్లలు గుండునూ దారాన్నీ ఒకేసారి మార్చేసి, బరువు వల్లే తేడా వచ్చిందని గట్టిగా వాదించారు. పక్క జట్టులోని అమ్మాయి లేచి, "మీరు రెండూ మార్చారు కదా, ఏది చేసిందో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలన్న నియమాన్ని నేను బోర్డు మీద రాసి ఉంటే అది నోట్సులోకి ఎక్కేది. తగవులోంచి పుట్టింది కాబట్టి ఆ తరువాత మొక్కల ప్రయోగంలో వాళ్లంతట వాళ్లే దాన్ని వాడారు. పొడవు నాలుగింతలైనా కాలం రెండింతలే ఎందుకయిందని ఐదో తరగతి పిల్లలు అడుగుతారు. వర్గమూలం పేరెత్తకుండా, ఆ ప్రశ్నను పట్టిక పక్కనే రాసుకోమని వదిలేయడం మేలు.

విద్యుత్తు ట్రే గురించి అంత ఉత్సాహంగా రాయలేను. ఇందులో 1.5 వోల్టుల సెల్లు, టార్చి బల్బులు, రెండు వైపులా క్లిప్పులున్న తీగలు, స్విచ్ ఉన్నాయి, అన్నీ గట్టివే. అయితే బల్బులు ముందే హోల్డర్లలో బిగించి వచ్చాయి. హోల్డర్‌కు రెండు మరలుంటాయి, చెరొక మరకూ చెరొక తీగ తగిలిస్తే వెలుగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, పాఠం అయిపోతుంది. ఇంతలో నేర్చుకోవలసిన అసలు సంగతి హోల్డర్ చాటున ఉండిపోతుంది. సెల్ నుంచి బల్బుకు ఒక్క తీగ వెళ్తే చాలు, నీళ్ల గొట్టంలోంచి నీళ్లు వచ్చినట్టు విద్యుత్తు వచ్చి పడుతుందని ఆ వయసు పిల్లల్లో చాలామంది నమ్మకం. దాన్ని కదిలించాలంటే బల్బును హోల్డర్ నుంచి విప్పి, ఒక సెల్, ఒక బల్బు, ఒకే ఒక తీగ చేతికిచ్చి వెలిగించమనాలి. చాలాసేపు ఎవరిదీ వెలగదు. బల్బు అడుగున ఉన్న మొనను సెల్ మీది బొడిపెకు ఆనించి, బల్బు పక్కనున్న లోహపు భాగం నుంచి తీగను సెల్ అడుగుకు తాకించిన మొదటి జట్టుకు అది వెలుగుతుంది. బల్బుకు తాకవలసిన చోట్లు రెండున్నాయని, దారి తిరిగి సెల్‌కు చేరాలని అప్పుడు మిగతావాళ్లు తమ బల్బులను తిప్పి తిప్పి చూసి తెలుసుకుంటారు. కరదీపికలో ఈ కృత్యం లేదు. ఇదే ట్రేతో దీన్ని చేయించవచ్చు కాబట్టి లోపం పరికరాలది కాదనే చెప్పాలి.

ఎల్ఈడీల విషయం వేరు. అక్కడ లోపం కిట్‌దే. ఒక్క సెల్ పట్టే హోల్డర్ ఇచ్చి, దానితో ఎర్ర, తెల్ల ఎల్ఈడీలను వెలిగించమన్నారు. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 2 వోల్టులు, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి, 1.5 వోల్టుల సెల్‌తో తెల్లది అసలు వెలగదు, ఎర్రది కూడా పనికొచ్చేంతగా వెలగదు. ఎల్ఈడీకి పొడవు కాలు ధన ధ్రువం వైపే ఉండాలన్న నియమం కూడా ఉంది కాబట్టి, వెలగనప్పుడు తాము తలకిందులుగా పెట్టామేమోనని పిల్లలు మార్చి మార్చి పెట్టి, చివరకు తమకు చేతకాలేదనుకుంటారు. రెండు సెల్లు పట్టే హోల్డర్, దానికో చిన్న నిరోధకం (కరెంటు మరీ ఎక్కువగా పోకుండా ఆపే రెసిస్టర్) చేర్చి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

ఇక కరదీపిక. అచ్చు, బొమ్మలు చక్కగా ఉన్నాయి, భాష సరళంగా ఉంది. కానీ ప్రతి కృత్యానికీ ఎదురు పేజీలోనే ఫలితం ముద్రించారు. అయస్కాంతం ఏ వస్తువులను ఆకర్షిస్తుందో చూడమని పట్టిక ఇచ్చి, దాని గడులను కూడా వాళ్లే నింపేశారు. పైగా స్టీలు చెంచా ఎదుట "ఆకర్షిస్తుంది" అని వేశారు. స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాల్లో కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. తన చేతిలోని చెంచా అంటుకోకపోతే, పుస్తకాన్ని నమ్మే పిల్లవాడు "ఆకర్షిస్తుంది" అనే రాస్తాడు. కళ్లతో చూసింది ఒకటి, కాగితం మీద రాసింది మరొకటి కావడం కన్నా సైన్సుకు పెద్ద నష్టం మరొకటి లేదు.

దీనికన్నా తీవ్రమైనది కొవ్వొత్తి కృత్యం. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి నిలబెట్టి, గాజు గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది, అదంతా ఖర్చయిపోయి ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయని కరదీపిక వివరణ. ఎన్నో పుస్తకాల్లో తరతరాలుగా తిరుగుతున్న ఈ వివరణ తప్పు. గ్లాసులోని ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. ఖర్చయిన దానికి బదులుగా కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి. గ్లాసు బోర్లించే వేళకే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత అంచుల కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతే, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది.

ఇదంతా పెద్దలు నోటితో చెప్పవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే కళ్లు పెట్టి చూసేవారికి రెండు ఆధారాలు అక్కడే దొరుకుతాయి. నీళ్లు ఎక్కువగా ఎక్కేది మంట మండుతున్నప్పుడు కాదు, ఆరిపోయిన తరువాత. ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి అదే గ్లాసు బోర్లిస్తే నీళ్లు ఇంకా పైకి వస్తాయి. గ్లాసులోని ఆక్సిజన్ మాత్రం పెరగలేదు. నాలుగో తరగతి పిల్లలకు ఈ రెండో ప్రయోగం చూపించి, ముందు వివరణ నిలబడుతుందా అని అడిగితే నిలబడదని వాళ్లే అంటారు. మంటతో కూడిన పని కాబట్టి కొవ్వొత్తి వెలిగించడం, గ్లాసు బోర్లించడం టీచరే చేయాలి. పుస్తకంలోని ఆ పేజీని మాత్రం పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మంచిది.

భద్రత విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. లైటు ఉన్న భూతద్దం ఒకటి ఈ కిట్‌లో ఉంది, దానిలో బొత్తాం సెల్ వాడారు, సెల్ అర మూతకు మర లేదు. గోరుతో లాగితే ఊడి వస్తుంది. బొత్తాం సెల్‌ను మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపలి కణజాలాన్ని కాల్చేయగలదు. ఆ భూతద్దాన్ని పెట్టెలోంచి తీసి పక్కన పెట్టండి; లైటు లేని మామూలు భూతద్దాలు అదే పెట్టెలో సరిపడా ఉన్నాయి. వాటితోనైనా సూర్యుడి వైపు చూడకూడదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి.

పెట్టె మీద 30 మందికి సరిపోతుందని రాసి ఉన్నా, అది నోట్సు రాసుకునేవారిని కూడా కలుపుకున్న లెక్క. స్ప్రింగు త్రాసులు రెండే, కొలపాత్రలు మూడే ఉన్నాయి. జట్టుకు నలుగురు దాటితే పరికరం ఒకరి చేతిలో ఉంటుంది, మిగతావారు చూస్తూ నిలబడతారు. అందువల్ల 30 మంది తరగతికి రెండు పెట్టెలు కావాలి. ఒక్కటే కొనగలిగితే, తరగతిలో సగం మందికి లోలకం, మిగతా సగానికి బంకమట్టితో మునగడం-తేలడం ఇచ్చి మరుసటి పీరియడ్‌లో మార్చుకోవడం నయం. ఉండలా చేస్తే మునిగే బంకమట్టినే పడవలా వంచితే తేలుతుంది, దానికి ఏ కిట్టూ అక్కరలేదు.

1, 2 తరగతులకు ఈ కిట్‌ను సిఫారసు చేయను. చిన్న గుండ్లు, క్లిప్పులు ఆ వయసుకు తగినవి కావు, కొలతలతో కూడిన పని కూడా అప్పుడే అందదు. పొడవాటి గ్లాసులోకి పోసిన నీళ్లు వెడల్పు గ్లాసులో కన్నా ఎక్కువని నమ్మే వయసది. 3 నుంచి 5 వరకు తరగతులున్న బడికి మాత్రం కొనదగిన కిట్టే. కొనేముందు టార్చి బల్బులు, లిట్మస్ కాగితాలు, తీగలు విడిగా దొరుకుతాయో లేదో అడిగి తెలుసుకోండి. మొదట అయిపోయేవి అవే. కరదీపికను టీచరు బల్ల సొరుగులో ఉంచి, పిల్లలకు తెల్లకాగితాల నోటుపుస్తకం ఇస్తే, ఈ పరికరాల మీద పెట్టిన డబ్బు దక్కుతుంది.