సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు: గేర్లదా, ఆటోమేటిక్కా? ఏది మేలు?

మా బావగారికి ఎడమ మోకాలి నొప్పి. ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ క్లచ్ తొక్కడంతో అది ఇంకా ఎక్కువైంది. కారు మార్చాలనుకున్నారు. చేతిలో ఉన్న డబ్బుకు కొత్తదైతే చిన్న కారే వస్తుంది. ఎనిమిది పదేళ్ల పాతదైతే స్కోడా సూపర్బ్, బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఆడీ ఏ4 లాంటివి చూడొచ్చు. "ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతే లక్షలు అంటున్నారు కదయ్యా, మోకాలి సంగతి ఎలాగోలా చూసుకుని గేర్ల బండే తీసుకోనా?" అని అడిగారు.

నేను ఏడేళ్లుగా మాన్యువల్ సూపర్బ్ నడుపుతున్నాను. నాకది ప్రాణం. అయినా ఆయన్ని మాన్యువల్ తీసుకోమనలేదు. అలాగని ఏ ఆటోమేటిక్ అయినా పర్వాలేదని కూడా అనలేదు. ఆటోమేటిక్ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో లోపల ఒకదానితో ఒకటి పోలిక లేని గేర్‌బాక్సులున్నాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ముందు తెలుసుకోవాల్సింది లోపల ఏది ఉందో.

బీఎండబ్ల్యూ, మెర్సిడెస్‌లలో ఎక్కువగా ఉండేది టార్క్ కన్వర్టర్. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, దాని గాలికి రెండోది తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు ఆయిల్ ఉంటుంది. ట్రాఫిక్‌లో బండి మెల్లగా కదులుతున్నప్పుడు పడే ఒత్తిడంతా ఆ ఆయిలే తీసుకుంటుంది, రాసుకుని అరిగిపోయే క్లచ్ ప్లేటు మధ్యలో ఉండదు. మన దేశంలో 2012లో వచ్చిన 3 సిరీస్‌లో జెడ్‌ఎఫ్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల బాక్స్ ఉంటుంది. అంత మెత్తగా, అంత తెలివిగా గేర్లు మార్చే బాక్స్ ఈ ధరలో ఇంకొకటి నాకు కనబడలేదు. దాని ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని బీఎండబ్ల్యూ చెబుతూ వచ్చింది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. నేను జెడ్‌ఎఫ్ మాటే వింటాను. నాలుగైదేళ్లు నడిపి అమ్మేసే మొదటి ఓనరుకు జీవితాంతం అన్న మాటతో ఇబ్బంది లేదు. ఆ తర్వాత కొనేది మనం. కొన్న వారంలోపే ఆయిల్ మార్పించాలి. ఫిల్టర్ కింది ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. ఆ ఖర్చును బండి ధరలో భాగంగానే లెక్కేసుకోవడం మంచిది.

రెండో రకం డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లను కంప్యూటరే నడిపేది. దీన్ని స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు డీఎస్‌జీ అంటారు. నన్నడిగితే అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. డీఎస్‌జీలోనూ రెండున్నాయి. సూపర్బ్ 2.0 డీజిల్‌లో ఉండే ఆరు గేర్లదానిలో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చిన బిల్లులుంటే దాన్ని ధైర్యంగా చూడొచ్చు. 1.8 పెట్రోల్‌లో ఉండే ఏడు గేర్లదానిలో క్లచ్‌లు పొడివి. టోలిచౌకి దగ్గర సాయంత్రం ఆరింటికి బండి అంగుళం అంగుళం జరుగుతుంటే, లోపల కంప్యూటర్ చేసేది మనం హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే పనే. వేడి పుడుతుంది, ప్లేట్లు అరుగుతాయి. రెండో గేర్‌లో బండి వణకడం మొదలవుతుంది. దాన్ని పట్టించుకోకపోతే క్లచ్ ప్యాక్ పోతుంది, దాని వెనక గేర్లు మార్చే కంప్యూటర్ భాగం, అంటే మెకాట్రానిక్ యూనిట్ కూడా. ఇదే ఏడు గేర్ల బాక్స్ కోసం 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, ఉక్కపోత, ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్ ఉన్నచోట గేర్‌బాక్స్‌కు అందే కరెంటులో లోపం రావచ్చని కంపెనీయే చెప్పింది. ఆ మూడూ విజయవాడలో, విశాఖలో ఎంతగా ఉంటాయో మనకు తెలిసిందే. నాకు తెలిసిన ఒకాయన చౌకగా వచ్చిందని ఇలాంటి బండి కొన్నారు. ఏడాది తిరగకముందే దారిలో ఆగిపోయింది, రిపేరు కొటేషన్ లక్షల్లోకి వెళ్లింది. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

సూపర్బ్ పెట్రోల్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. 2016లో వచ్చిన మోడల్లో 1.8 ఇంజన్ పవర్ రెండు రకాల్లోనూ ఒకటే, 180 పీఎస్. టార్క్, అంటే చక్రాలను తిప్పే లాగుడు బలం, మాత్రం మాన్యువల్‌కు 320 న్యూటన్ మీటర్లు, డీఎస్‌జీకి 250. ఆ పొడి క్లచ్ బాక్స్ మోయగలిగేది 250 వరకే కాబట్టి కంపెనీయే ఇంజన్ గొంతు కాస్త నొక్కింది. ఓఆర్ఆర్ ఎక్కి లారీని దాటేటప్పుడు ఆ 70 తేడా వీపుకు తెలుస్తుంది. అందుకే సూపర్బ్ పెట్రోల్ అయితే మాన్యువలే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. కొనేవాళ్లు తక్కువ కాబట్టి ధర కూడా దిగుతుంది. మళ్లీ అమ్మేటప్పుడు మనకూ అదే కష్టం ఎదురవుతుంది, అది ముందే ఒప్పుకుని దిగాలి.

మూడో రకం ఆడీ ఏ4 పాత మోడల్లోని మల్టీట్రానిక్. గేర్లు ఉండవు, చైను, పుల్లీలతో నడుస్తుంది. తర్వాతి ఏ4లో ఆడీయే దాన్ని వదిలేసి డ్యూయల్ క్లచ్‌కు మారింది. ఎంత చౌకగా వచ్చినా నేనైతే ముట్టుకోను.

ఇక మాన్యువల్‌లో టెన్షన్ ఉండదన్న మాట సగమే నిజం. ఈ తరగతి బండ్లలో క్లచ్‌తో పాటు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అనే బరువైన భాగం ఉంటుంది. అది అరిగితే క్లచ్ ఒక్కటే మార్చి ఊరుకోలేం. ముందు ఓనరు డ్రైవర్‌ను పెట్టుకుని, ఆ డ్రైవర్‌కు క్లచ్ మీద కాలు ఆన్చి నడిపే అలవాటు ఉంటే, 40,000 కిలోమీటర్ల బండి కూడా మనకు ఖర్చు పెట్టిస్తుంది. బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచి వినండి. న్యూట్రల్‌లో గలగల వినిపించి, క్లచ్ తొక్కగానే ఆ శబ్దం మారితే ఫ్లైవీల్‌ను అనుమానించాలి. నాలుగో గేర్‌లో మెల్లగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే క్లచ్ అయిపోయినట్టే. కాకపోతే ఈ పని చాలామంది మెకానిక్‌లకు వచ్చు. మాన్యువల్‌కు ఉన్న పెద్ద బలం అదే. కర్నూలులోనో ఖమ్మంలోనో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పే చెయ్యి కోసం వాళ్లు బండిని ట్రక్కు మీద హైదరాబాద్ పంపాల్సి రావచ్చు.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు మాన్యువలే భద్రమని కొందరంటారు. ఆటోమేటిక్‌నూ మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేర్‌లో పట్టి ఉంచితే ఇంజనే బండి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. డీ (డ్రైవ్) లో వదిలేసి కిందిదాకా బ్రేకు తొక్కుతూ వస్తేనే ప్రమాదం.

డీజిల్ బండి చూస్తున్నవాళ్లకు ఒక మాట. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఢిల్లీలో 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆంక్షలు పెట్టినప్పటి నుంచి ఢిల్లీ బండ్లు మన దగ్గరికి చౌకగా వస్తున్నాయి. అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ కలిపి చూశాకే అది చౌకో కాదో తేల్చాలి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు ఉందా అని కూడా అప్పుడే అడగాలి. మీటర్‌లో కిలోమీటర్లు తగ్గించడం తేలికే, తేదీతో, రీడింగుతో షోరూమ్‌లో ఉన్న సర్వీస్ రికార్డును మార్చడం అంత తేలిక కాదు.

బావగారికి చివరికి 3 సిరీస్‌లో డీజిల్ బండి, 320డీ చూడమన్నాను. మోకాలికి విశ్రాంతి, గేర్‌బాక్స్ గట్టిది. పోయినవారం ఒకటి చూశాం. మేం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది, బానెట్ మీద చెయ్యి పెట్టగానే తెలిసింది. చల్లగా ఉన్నప్పుడు పీ (పార్కింగ్) నుంచి ఆర్ (రివర్స్) కు, ఆర్ నుంచి డీ కి మార్చినప్పుడు వచ్చే కుదుపే అసలు సంగతి చెబుతుంది, వేడెక్కాక చాలా బండ్లు బాగానే నడుస్తాయి. అందుకే అది వద్దనుకున్నాం. ఈ ఆదివారం కూకట్‌పల్లిలో ఇంకోటి ఉంది. పొద్దున్నే ఏడింటికి వస్తామని, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని డీలర్‌కు చెప్పి పెట్టాను.