పాత స్ప్లెండర్ స్టార్ట్ కాకపోతే తోసుకుంటూ ఆ షాపుకి మాత్రం వెళ్లకండి

బెంగళూరులో మారతహళ్లి వైపు ఉండే మనవాళ్లకి ఇది. సర్వీస్ రోడ్డు పక్కన, స్పేర్ పార్టులూ అమ్మి రిపేరూ చేసే షాపు, ఓనర్ తెలుగు బాగా మాట్లాడతాడు. పేరు రాయను, అక్కడ ఒక్కసారి బండి ఇచ్చినవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఇంకా మండుతూనే ఉంది కాబట్టి మాటలు కాస్త అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

బండి 2007 హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, అనంతపురం రిజిస్ట్రేషన్, నాన్న వాడింది. వానలకి బేస్‌మెంట్‌లో ఆగిపోయింది. పెట్రోల్ ఉంది, రిజర్వ్‌లో పెట్టి చూశా, చోక్ లాగి చూశా, కాలు నొప్పి పుట్టేదాకా కిక్ కొట్టా. ఉలుకూ లేదు పలుకూ లేదు. సరే, దగ్గర్లో ఉంది కదా అని తోసుకెళ్లాను.

"ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. చెప్పాను. "అబ్బా, మాదీ ఆ పక్కనే!" అన్నాడు. అంతే, నా బుద్ధి అక్కడే గడ్డి తినడానికి పోయింది.

ప్లగ్ ఊడదీసి, క్యాప్‌లో పెట్టి, ఇంజన్ ఫిన్‌లకి ఆనించి కిక్ కొట్టి చూపించాడు. స్పార్క్ లేదు. ఇంతవరకూ నిజమే. ఇక మొదలుపెట్టాడు. "బ్యాటరీ చచ్చిపోయింది సార్, కరెంటే లేకపోతే స్పార్క్ ఎక్కడినుంచి వస్తుంది? దానివల్ల సీడీఐ కూడా కొట్టేసింది." సీడీఐ అంటే ప్లగ్‌కి స్పార్క్ అందించే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా. బ్యాటరీ 950, 'ఒరిజినల్' సీడీఐ 1,100, ప్లగ్ 130, కార్బొరేటర్ క్లీనింగ్ 500, లేబర్ 600. మొత్తం 3,280 ఫోన్‌పేలో కొట్టాను. బిల్లంటే ఎస్టిమేట్ కాగితం మీద పెన్నుతో గీకిచ్చాడు.

సాయంత్రం వెళ్తే బండి ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. సంతోషం. కీ ఆఫ్ చేశాను. ఇంజన్ ఆగలేదు. కీ చేతిలోకి తీసేసుకున్నా ఆడుతూనే ఉంది. "కొత్త సీడీఐ సార్, సెట్ అయ్యేదాకా అట్లే ఉంటుంది, టాప్ గేర్ వేసి బ్రేక్ తొక్కి క్లచ్ వదిలేయండి, ఆగిపోతుంది" అన్నాడు. ఆ ముక్క అన్నప్పుడు వాడి మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. పాత సీడీఐ ఇమ్మంటే లోపలికి వెళ్లి, కన్నడ పేపర్లో చుట్టి తెచ్చిచ్చాడు, ఎంత నిజాయితీపరుడో!

ఆ రాత్రి మా బాబాయి కొడుక్కి వీడియో కాల్ చేశా. వాడు మదనపల్లెలో మెకానిక్ దగ్గర కొన్నేళ్లు పనిచేశాడు. కీ తీసినా ఇంజన్ ఆగట్లేదని చెప్పగానే "అన్నా, ముందు సీటూ సైడ్ ప్యానెళ్లూ తీయి" అన్నాడు. సీడీఐ దగ్గరికొచ్చే వైర్లు చూపించమన్నాడు. నలుపు మీద తెల్ల చార ఉన్న వైరు ఒకటుంది. దాన్ని కట్ చేసి, కొసకి కొత్త నల్ల టేపు చుట్టి, మిగతా వైర్ల వెనక్కి దోపేశారు. ఆ సీడీఐ మీద మాత్రం ఏళ్లనాటి దుమ్ము, రబ్బరు తొడుగు అంచున గట్టిపడిన మట్టి. వేలు పెట్టిన గుర్తు కూడా లేదు. అది నా పాత సీడీఐనే! మరి పేపర్లో చుట్టిచ్చింది? తీసి నా బండి కనెక్టర్‌కి పెట్టి చూశా. పట్టలేదు. పిన్నుల వరసే వేరు. ఏదో వేరే కంపెనీ బండిది తెచ్చి, "ఇదిగో సార్ మీ పాతది" అని నా చేతిలో పెట్టాడు.

తమ్ముడు చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నా, పాత బండ్లున్నవాళ్లకి పనికొస్తుంది. ఈ కిక్ స్టార్ట్ స్ప్లెండర్లలో స్పార్క్‌కి బ్యాటరీతో పనే లేదు. కిక్ కొట్టినప్పుడు మాగ్నెట్ తిరిగి, అక్కడి కాయిల్‌లో పుట్టే కరెంటే సీడీఐకి వెళ్తుంది. బ్యాటరీ పూర్తిగా పీకేసినా బండి స్టార్ట్ అవుతుంది. హారన్, ఇండికేటర్లే పనిచేయవు. కాబట్టి ఆ 950 ఉత్త పుణ్యానికి. ఇక ఆ నలుపు-తెలుపు వైరు ఇంజన్ ఆపడానికి ఉన్నది. కీ ఆఫ్ చేస్తే అది ఎర్త్‌కి కలిసి స్పార్క్ పోతుంది. నా బండిలో ఆ వైరు హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర వంపులో ఒరుసుకుని తొడుగు ఊడిపోయింది, లోపలి రాగి ఫ్రేమ్‌కి తగులుతోంది. అంటే కీ ఆన్‌లో ఉన్నా బండి దృష్టిలో ఆఫే. అంతకుముందు కూడా హ్యాండిల్ ఎడమకి తిరిగి ఉంటే మొరాయించేది, కాస్త కదిపితే స్టార్ట్ అయ్యేది, అది ఇందుకేనట.

షాపువాడికి ఇది తెలియక కాదు. తెలుసు కాబట్టే సరిగ్గా ఆ వైరే కట్ చేశాడు. తెగిన తొడుగు మీద టేపు చుట్టి రెండొందలు అడిగినా దండం పెట్టి ఇచ్చేవాణ్ణి.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ వైరు కట్ చేస్తే బండికి కీ అక్కర్లేదు. ఎవడైనా వచ్చి కిక్ కొట్టి వెళ్లిపోవచ్చు, హ్యాండిల్ లాక్ ఒక్కటే దిక్కు. ఆ సంగతి నాకు చెప్పకుండా, "సెట్ అవుతుంది సార్" అని పంపించాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుంటే కీతో ఆపుదామన్నా కుదరదు. ఇది మోసం కూడా కాదు, ఇంకేదో అనాలి.

మర్నాడు వెళ్లి అడిగా. నిన్నటి 'సార్' పోయి 'బాసూ' వచ్చింది. "బండి స్టార్ట్ అయిందా లేదా బాసూ? అయింది కదా, మరేంటి గొడవ?" పేపర్లో చుట్టిన సీడీఐ కౌంటర్ మీద పెడితే, గోడ మీది బోర్డు చూపించాడు: ఎలక్ట్రికల్ పార్టులు రిటర్న్ లేదు. నేను రిటర్న్ ఇస్తున్నది వాడు నాకు వేయనే లేని పార్టు, అది గమనించండి! నేను గొంతు పెంచేసరికి, "పదిహేనేళ్లు దాటిన బండికి ఇంత రాద్ధాంతమా? స్క్రాప్‌కి ఇచ్చేయండి, ఐదు వేలిస్తా" అని పక్కనున్న కుర్రాళ్లని చూసి నవ్వాడు. పదిహేనేళ్లు దాటితే స్క్రాపేం కాదు, ఆర్టీఓలో చూపించి ఇంకో ఐదేళ్లకి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. నాన్న బండి కాబట్టి అది ఎప్పుడో చేయించాను. ఆ మాట వాడికి చెప్పి ఏం లాభం.

ఆ వైరు మళ్లీ కలిపి, మెడ దగ్గర స్లీవ్ తొడిగి టేపు చుట్టాక బండి చక్కగా నడుస్తోంది. కీ తిప్పితే ఆగుతోంది కూడా. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేశా. బిల్లు ఉందా అని అడిగారు. నా దగ్గరున్నది ఎస్టిమేట్ కాగితం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్. చూడాలి.

మీ బండిలో స్పార్క్ లేదంటే సీడీఐ కొనేముందు ఆ నలుపు-తెలుపు వైరు ఒక్కటి సాకెట్ నుంచి వేరు చేయించి కిక్ కొట్టించండి. స్పార్క్ వస్తే సీడీఐ బాగానే ఉన్నట్టు, తేడా కీ సెట్‌లోనో వైరింగ్‌లోనో ఉన్నట్టు. పార్టు మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. కంపెనీ పార్టు అంటే ఎంఆర్పీ ఉన్న ప్యాకెట్ మీ ముందే చింపమనండి.

అన్నట్టు ఆ పేపర్లో చుట్టిన సీడీఐ ఇంకా నా దగ్గరే ఉంది. మీలో ఎవరైనా అక్కడ సీడీఐ మార్పించుకుని, పాతది వెనక్కి ఇవ్వకపోయి ఉంటే చెప్పండి, ఫొటో పెడతాను, మీదేమో చూసుకోండి.