అమ్మ గొలుసు కరిగించిన కొట్టు

ఈ బంగారం కొట్టు గురించి రాస్తున్నాను కానీ పేరు రాయడం లేదు. కొట్టు నడిపే ఆచారిగారే వద్దన్నారు. "ఉన్న పనే టైముకి ఇవ్వలేక తిట్లు తింటున్నానండి టీచరుగారూ, మీరింకో పదిమందిని పంపితే నా గతేం కావాలి?" అన్నారు. రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందుల్లో ఒకదానిలో ఉంటుంది, అంతవరకు చెప్పగలను.

మా అమ్మది రెండుపేటల గొలుసు. ఆరు కాసులని చిన్నప్పటినుంచీ వింటున్న మాట. మా వైపు కాసంటే 8 గ్రాములు, అంటే 48. అమ్మాయి పెళ్ళికి దాన్ని మార్చి నాలుగు గాజులు చేయిద్దామని ముందు ఒక పెద్ద ఏసీ షోరూముకే వెళ్ళాను. ఈ రోజుల్లో ఏ బంగారం హోర్డింగు చూసినా 'నమ్మకం' అన్న మాట నగకన్నా పెద్దగా ఉంటుంది. దీని మీదా ఉంది.

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, మాటల పిచ్చి పోదు. నమ్మకం, విశ్వాసం ఒకటేనా అని క్లాసులో పిల్లల్ని అడిగేదాన్ని. కుక్కకి విశ్వాసం ఉందంటాం, నమ్మకం ఉందని అనం. డాక్టరు మీద గురి కుదురుతుంది, విశ్వాసం కుదరదు. పరపతి అంటే పలుకుబడీ అవుతుంది, అప్పు పుట్టే యోగ్యతా అవుతుంది, సొసైటీ బోర్డు మీద 'పరపతి సంఘం' అని ఉండేది అందుకే. ఇక నమ్మబలకడం అని ఒకటుంది. నమ్మకం కడుపునే పుట్టి దాని కొంపే ముంచే మాట.

షోరూములో నాకు ఎదురైంది ఈ చివరిదే. కూల్‌డ్రింకు ఇచ్చి గొలుసు లోపలికి పట్టుకెళ్ళారు. పది నిమిషాలకి వచ్చి, "18 క్యారెట్లే పడుతోంది మేడమ్, పాత బంగారం కదా. మా మీద నమ్మకం ఉంచండి" అన్నారు. మెషీను చూస్తానంటే కస్టమర్లని లోపలికి రానివ్వరట. గొలుసు పర్సులో వేసుకుని లేచాను. కూల్‌డ్రింకు మాత్రం పూర్తిచేసే లేచాను.

ఆచారిగారి కొట్టులో 'లోపల' అనేదే లేదు. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద అద్దాల పెట్టెలో కాటా, పక్కనే టచ్, అంటే నూటికి మేలిమి ఎంతో, చూసే మెషీను. కాటాలో సున్నా చూపించి గొలుసు వేశారు: 48.200. అమ్మ మాట 200 మిల్లీలు తక్కువే చెప్పింది. తర్వాత మెషీనులో మూడు చోట్ల పెట్టారు, మూడు అంకెలు వచ్చాయి. అతుకు ఉన్నచోట బాగా తగ్గింది. పాత నగల్లో అతుకులకి కలిపిన టంకం వల్ల అలా అవుతుందట. "ఇది పైపైనే చదువుతుందండి. కరిగిస్తేగానీ అసలు సంగతి తెలీదు. కరిగించాక మీకు లెక్క నచ్చకపోతే ముద్ద మీకిచ్చేస్తాను, కానీ గొలుసు మాత్రం మళ్ళీ రాదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

బేరానికి వచ్చిన మనిషిని ఇంటికి పంపే వ్యాపారిని నేనదే చూడటం. రెండు రోజులు ఆలోచించాను. నిజానికి ఆలోచించింది టచ్ గురించి కాదు. అమ్మ స్నానానికి వెళ్తూ ఆ గొలుసు తీసి చిలక్కొయ్యకి తగిలించేది, అదొక్కటే కళ్ళముందు ఆడుతూ ఉండేది.

మూడోనాడు వెళ్ళి కరిగించమన్నాను. మూసలో గొలుసు, కొంచెం వెలిగారం, పైనుంచి మంట. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మట్టీ మురికీ పోగా ముద్ద 46.900 తూగింది, టచ్ 84.3. కాగితం మీద లెక్క వేసి నా వైపు తిప్పారు. మేలిమి బంగారం 39.53 గ్రాములు, దాన్ని 22 క్యారెట్లకి, అంటే వెయ్యికి 916 పాళ్ళ మేలిమికి మారిస్తే 43.16. అదే షోరూము వాళ్ళు చెప్పిన 18 క్యారెట్ల ప్రకారమైతే, కరిగించకముందు బరువు మీద లెక్కేసినా 39.5 దగ్గరే ఆగిపోయేది. మూడున్నర గ్రాముల పైన తేడా. ఇది చదివేవాళ్ళు పాత బంగారం ఎక్కడ మార్చినా, కరిగించాకే లెక్క కట్టమనండి.

మా అమ్మమ్మ కాలంలో ఆచారిని ఇంటికే పిలిపించి అరుగు మీద కుంపటి పెట్టించేవారు. పని అయ్యేదాకా ఆవిడ బియ్యం ఏరుకుంటూ ఎదురుగానే కూర్చునేదట. నమ్మకం లేదా అమ్మా అని ఆయన నవ్వితే, "నమ్మకమూ ఉంది, కళ్ళూ ఉన్నాయి" అనేదట. నేనూ అంతే కూర్చున్నాను, బియ్యం ఒక్కటే లేవు.

గాజులు నాలుగూ కలిపి 40.12 గ్రాములు. తరుగు 9 శాతం, మజూరీ అందులోనే. షోరూములో ఇలాంటి డిజైనుకే 16 చెప్పారు. పాత బంగారం ఇచ్చినా కొత్త నగ మొత్తం విలువ మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది, అది ఎవరూ తప్పించలేరు. హాల్‌మార్క్‌కి గాజుకి 45 రూపాయలు, దాని మీద పన్ను. బిల్లులో అన్నీ విడివిడిగా రాసిచ్చారు, చేతిరాత మాత్రం చదవలేం.

ఇప్పుడు లోపాలు. పదిహేను రోజులన్నది ఇరవై నాలుగయ్యాయి. మూడు శనివారాలు తిప్పారు. ఫోను ఎత్తరు. పెళ్ళి దగ్గరపడుతుంటే నాకెంత టెన్షనో ఆయనకేం తెలుసు. డిజైన్ల పుస్తకాలు అంచులు చిరిగిపోయి ఉన్నాయి, కొత్త ఫ్యాషన్లు కావాలంటే ఫోనులో ఫొటో మీరే పట్టుకెళ్ళాలి. ఒక గాజు స్క్రూ బిగుసుకుపోతే ఇంకోసారి వెళ్ళాల్సి వచ్చింది. బండి పెట్టుకునే చోటు లేదు.

చేతికిచ్చేముందు భూతద్దం ఇచ్చి ముద్ర చూసుకోమన్నారు. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, 22కె916, పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ, అంటే ఏ నగ నంబరు దానికే. హాల్‌మార్క్ తప్పనిసరి అన్నది 2021 జూన్‌లో మొదట 256 జిల్లాల్లో వచ్చింది, ఈ ఆరక్షరాల నంబరు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే టచ్ ఎంతో, ఎక్కడ పరీక్షించారో చూపిస్తుంది. మొదటి గాజు నంబరు కొడితే ఏమీ రాలేదు. గుండె జారింది. ఆచారిగారు తాపీగా, "అది ఎనిమిది కాదండి, బి" అన్నారు. నా కళ్ళజోడు మార్చాలి.

చివర్లో నేనివ్వాల్సింది దాదాపు రెండు గ్రాముల బంగారం ఖరీదు. ఫోనులో పంపబోతే బ్యాంకు సర్వరు పనిచేయలేదు. అంత డబ్బు చేతిలో లేదు. గాజులు తిరిగి బల్ల మీద పెడితే, ఆయనే డబ్బాలో సర్ది నా వైపు జరిపి, "తీసుకెళ్ళండి, రేపు పంపుదురుగాని" అన్నారు. ఆయన తల వెనక 'అరువు రేపు' అని బోర్డు ఉంది. వేలుతో చూపించాను. "రేపే కదండీ, బోర్డులోనూ అదే ఉంది" అన్నారు.

5కి 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటీ మూడు శనివారాలకి కోత. వెళ్ళేవాళ్ళు పెళ్ళికి రెండు నెలల ముందే వెళ్ళండి, పొద్దున పదకొండు దాటాక. మధ్యాహ్నం భోజనానికి షట్టరు దించేస్తారు, ఎప్పుడు తీస్తారో ఆయనకే తెలియాలి.