చప్పుడు కోసం ఉంచుకున్న ఫోన్

మోటరోలా రేజర్ వీ3 కెమెరా ఎంత, స్క్రీన్ ఎంత అని నేను చెప్పాల్సిన పని లేదు. 2004లో బయటికొచ్చి, ప్రపంచమంతా కలిపి 13 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోన్ అది. ఏ బావగారి చేతిలోనో, ఆఫీసులో కాస్త షోకు చేసే కొలీగ్ చేతిలోనో మీరు చూసే ఉంటారు. నేను చెప్పబోయేది దాని మూత గురించి. అందులోనూ మూత మూసినప్పుడు వచ్చే చప్పుడు గురించి. ఇన్నేళ్లయినా ఈ ఫోన్ ఇంకా నా దగ్గరుందంటే సగం కారణం ఆ చప్పుడే.

ధర బాగా దిగాక 2007లో కొన్నాను, వెండి రంగుది. అప్పుడు విజయవాడలో మందుల కంపెనీ రెప్‌ని. సూర్యారావుపేటలో డాక్టర్ల గదుల బయట బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, మధ్యమధ్యలో మేనేజర్ ఫోన్లు ఎత్తడం, ఇదే ఉద్యోగం. ఫోన్ అడుగున గడ్డంలా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఏంటెన్నా అందులో పెట్టారు కాబట్టే పైన మూత అంత పల్చగా వచ్చింది, మూసినప్పుడు మొత్తం మందం 14 మిల్లీమీటర్లు దాటలేదు. ఆ గడ్డానికీ మూత అంచుకీ మధ్య బొటనవేలి గోరు పట్టేంత సందు. జేబులోంచి తీస్తూనే వేలు తనంతట తనే ఆ సందులోకి వెళ్లిపోయేది, చూసుకోనక్కర్లేదు.

తెరవడం కంటే మూయడం బాగుంటుంది. మూతని కొంతదూరం మనం తోస్తే చాలు, ఒక హద్దు దాటాక కీలులోని స్ప్రింగే లాగేసుకుంటుంది. పల్చటి లోహం కాబట్టి చప్పుడు పొడిగా, పొట్టిగా తెగిపోతుంది, కుంకుమ భరిణె మూత పడినట్టు. "ఈ నెల కూడా టార్గెట్ దాటకపోతే నేను పైవాళ్లకి ఏం చెప్పుకోను?" అని మేనేజర్ పావుగంట సేపు వాయించాక, "సరే సార్, చూస్తాను సార్" అనేసి టక్కున మూస్తే, ఆ మాటలన్నీ అందులోనే ఉండిపోయినట్టుండేది. ఇప్పుడు ఎంత కోపమొచ్చినా అద్దం మీద ఎర్ర గుండ్రాన్ని మెత్తగా ముట్టుకోవాలి. దాంతో ఏ కసీ తీరదు.

ఇక కీప్యాడ్. విడివిడి బటన్లు కాదు, ఒకటే లోహపు రేకు, దాన్లోనే అంకెలు చెక్కారు, వెనక నుంచి నీలం వెలుగు. వరసకీ వరసకీ మధ్య సన్నటి గీతలు తప్ప దుమ్ము పట్టడానికి చోటే లేదు. రాత్రి కరెంటు పోయినప్పుడు తెరిచి మంచం పక్కన పెడితే నీళ్ల చెంబు ఎక్కడుందో కనపడేది. (మా నాన్నగారి నోకియా 1100కి ఏకంగా టార్చే ఉండేది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ గుర్తుచేస్తూనే ఉండేవారు.)

ఇలా సాఫీగా సాగుతుండగా వేసవి సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు. మూడో తరగతి. మూత ఎంతవరకు తెరుచుకుంటుందో తేల్చుకోవాలని వాడికి పట్టుదల. తెరుచుకునేంతా తెరిచాడు, ఇంకా ఉందేమోనని వెనక్కి వంచాడు. చిన్న 'కిర్' మని వినపడింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి లోపలి స్క్రీన్ తెల్లగా వెలుగుతోంది, అంతే, అక్షరం ముక్క లేదు. మూస్తే బయటి చిన్న స్క్రీన్ మాత్రం ఏమీ జరగనట్టు టైమ్ చూపిస్తోంది.

మడత ఫోన్లన్నింటికీ ప్రాణం ఒకే చోట ఉంటుంది. కీప్యాడ్ ఉన్న సగంలో బోర్డు, మూతలో స్క్రీన్, రెంటినీ కలుపుతూ కీలు గుండా వెళ్లే పల్చటి ఫ్లెక్స్ కేబుల్. అది మొత్తం తెగితే పైసగానికి కబురే అందదు. నాదాంట్లో లోపలి స్క్రీన్‌కి వెళ్లే తీగలే తెగినట్టున్నాయి. "మడిచేది ఏదైనా మడత దగ్గరే పోతుందిరా, గొడుగైనా అంతే" అన్నారు నాన్నగారు, ఆయన 1100 చేత్తో పట్టుకుని.

బాగుచేయించేలోపు కొన్నాళ్లు అలాగే వాడాను. అసలు సరదా అదీ. ఎవరు చేస్తున్నారో బయటి స్క్రీన్ చెబుతుంది, మూత తెరిస్తే కాల్ కలుస్తుంది, మూస్తే ఆగిపోతుంది. నాకొచ్చే ఫోన్లలో ముప్పాతిక భాగం అలాగే గడిచిపోయాయి. నేను చేయాలంటే మాత్రం నంబరు గుర్తుండాలి. చూడకుండా నొక్కడం, సరిగ్గా నొక్కానో లేదో అవతల గొంతు వినపడ్డాకే తెలియడం. ఇంట్లో నంబరు, మేనేజర్ నంబరు, గొల్లపూడి స్టాకిస్టు నంబరు, ఇవి తప్ప నాకేవీ నోటికి రావని అప్పుడే తెలిసింది. మెసేజ్ వస్తే బయట కవరు బొమ్మ కనపడేది, లోపల ఏముందో తెలియదు. రాత్రి నా సిమ్ తీసి నాన్నగారి ఫోన్లో వేసి, దాన్లోకి దిగిన మెసేజ్‌లు మాత్రం చదువుకునేవాణ్ణి. ఆయన తన సిమ్ అగ్గిపెట్టె మీద పెట్టుకుని కాపలా కాసేవారు, ఎక్కడ పోతుందోనని.

తర్వాత మా కాలనీ మొగలోని రిపేరు షాపులో ఇచ్చాను. పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోయింది. ఫ్లెక్స్ మార్చాడు, స్క్రీన్ వచ్చింది. పైగా ఫోన్ తళతళలాడుతోంది. "బాడీ కూడా క్లీన్ చేసిచ్చాను సార్, దానికేం తీసుకోలేదు" అన్నాడు. ఇంత మంచివాడేంటి అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చి, అక్కకి ఫోన్ చేసి, మాట్లాడటం అయ్యాక మూశాను. 'టప్' మంది.

మళ్లీ తెరిచి మూశాను. మళ్లీ టప్. లోపల బోలుగా, కాస్త సాగినట్టు. కొత్త కేబుల్ కదా, సర్దుకోవడానికి టైమ్ పడుతుందేమో అనుకున్నాను. కానీ చేతిలో బరువు కూడా తేడాగా అనిపించింది. అసలుదైతే ఫ్యాన్ కింద కాసేపు వదిలేసి పట్టుకుంటే చల్లగా తగిలేది. ఇది తగలడంలేదు. రాత్రి లైటు తీసేసి కీప్యాడ్ చూశాను. అసలుదాంట్లో అన్ని అంకెలకీ ఒకే తీరు వెలుగు, ఎక్కువా తక్కువా లేకుండా. ఇందులో 5 చుట్టూ మెరుస్తోంది, కింది వరసలో సున్నా కనపడీ కనపడనట్టుంది. అప్పుడు మూత మీద అద్దం పక్కన వెతికాను. బండి తాళం గీసుకున్న గీత ఒకటి ఉండాలి. లేదు. మొత్తం బాడీయే మార్చేశాడు. ప్లాస్టిక్ మీద వెండి రంగు కొట్టిన డూప్లికేట్‌లో నా ఫోన్ పేగులు పెట్టి ఇచ్చాడు.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్లి నిలబడ్డాను.

"కొత్తది వేసిచ్చాను సార్. సంతోషించాల్సింది పోయి గొడవేంటి?"

"నా పాతది నాకివ్వు."

"పాతదా? గీతలు పడి పాడైపోయింది, చెత్తలో వేసేశాం."

ఆ చెత్త ఎక్కడుందంటే, అతని అద్దాల బీరువాలో పైవరసలో ఉంది. సెకండ్ హ్యాండ్ ఫోన్లు అమ్మకానికి పెట్టే చోట వెండి రంగు రేజర్‌లు వరసగా ఉన్నాయి. గీత చూపిస్తే, "గీతలు ఏ ఫోన్‌కైనా ఉంటాయి" అన్నాడు. అప్పుడు నాకు వేరే దారి తోచలేదు, "అవన్నీ ఒక్కోసారి మూయి" అన్నాను. రీఛార్జికి వచ్చినవాళ్లు నలుగురు చేరారు. నేను బీరువా వైపు వీపు పెట్టి నిలబడ్డాను. మొదటిది టప్. రెండోది టప్. మూడోది టక్. "అదీ నాది" అన్నాను. చూస్తున్నవాళ్లలో ఒకాయన ఆ ఫోన్ అడిగి తీసుకుని, తిప్పి, గీత చూసి, "ఇచ్చేయవయ్యా, ఆయనకి చెవులున్నాయి" అన్నాడు. డబ్బులు తిరిగివ్వలేదు కానీ బాడీ ఇచ్చాడు.

దాన్ని తిరిగి కూర్చింది బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక ముసలి మెకానిక్. గడియారాలు బాగుచేసే పని నుంచి సెల్‌ఫోన్లలోకి వచ్చానని చెప్పాడు. చూడగానే, "హింజ్ కూడా కాస్త లూజైంది. స్క్రూ బిగిస్తే సరిపోయేది కాదిది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ నుంచి తెప్పించాలి, ఆగగలరా?" అని అడిగాడు. ఆగాను. పని చేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చోనిచ్చాడు. బాడీలోనే ఉండిపోయిన పాత ఫ్లెక్స్ తీసి వెలుగులోకి ఎత్తి చూపించాడు. గోరంత వెడల్పు, అందులో వెంట్రుకల్లాంటి రాగి గీతలు, మధ్యలో నలిగి తెల్లబడిన మడత. అన్నీ బిగించి నాకివ్వకుండా ముందు తన చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. నేనేమీ చెప్పకుండానే.

చప్పుడు తిరిగొచ్చింది. పూర్తిగా పాతదేనా అంటే, దాదాపు. మూత తెరిచి అటూఇటూ కదిపితే వెంట్రుకవాసి ఆడుతుంది. నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకోసారి జేబులోంచి జారి మెట్ల మీద పడింది. మూల కాస్త సొట్టపోయింది, అద్దం పగల్లేదు. అందుకని గట్టి ఫోన్ అని నేను సర్టిఫికెట్ ఇవ్వను. పడితే తట్టుకుంటుంది, వెనక్కి వంచితే తట్టుకోదు. పిల్లలున్న ఇంట్లో రెండోదే ఎక్కువ జరుగుతుంది.

కీప్యాడ్‌ని ఇందాక అంత పొగిడాను కదా. పెద్ద మెసేజ్ టైప్ చేసి చూడండి. నున్నటి రేకు మీద బొటనవేలు జారుతుంటుంది, 5కీ 8కీ తేడా గీతల్ని బట్టి పోల్చుకోవాలి. స్టాకిస్టుకి ఆర్డరు పంపాలంటే నేను మెసేజ్ మానేసి ఫోనే చేసేవాణ్ణి. మెమరీ 5 ఎంబీ, కార్డు పెట్టే చోటు లేదు. ఛార్జరుకీ ఇయర్‌ఫోన్‌కీ ఒకటే కన్నం కాబట్టి రెండూ ఒకేసారి కుదరవు. లోహం చల్లదనం గురించి చెప్పింది జనవరికి నిజం. మే నెలలో మధ్యాహ్నం చొక్కా జేబులో పెట్టుకుని బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే, ఆ చల్లదనం ఏమైపోయిందో గుండెకి బాగా తెలుస్తుంది. ఆ ఎండలో చెవికి ఆనించిన ప్రతిసారీ ఉలిక్కిపడేవాణ్ణి. ఇక ఆ చప్పుడు, నిశ్శబ్దంగా ఉన్న క్లినిక్‌లో మరీ గట్టిగా వినిపిస్తుంది. నర్సులు కోపంగా చూసిన సందర్భాలున్నాయి.

ఇప్పుడది నా రెండో ఫోన్. పనంతా స్మార్ట్‌ఫోన్ మీదే: మ్యాప్, వాట్సాప్, కంపెనీ యాప్, డబ్బులు పంపడం. రేజర్‌కి తెలిసింది 2జీ ఒక్కటే కాబట్టి జియో సిమ్ దాన్లో పనిచేయదు. ఎయిర్‌టెల్ సిమ్ వేశాను. చిన్న సిమ్‌ని పాత సైజు ఫ్రేములో పెట్టి దూర్చాలి. తెలుగులో మెసేజ్ వస్తే వరసగా డబ్బాలు కనపడతాయి. బ్యాంకు ఓటీపీలు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి గండం గడిచిపోతోంది. బ్యాంకుని పక్కనపెడితే ఆ నంబరు ఇంట్లోవాళ్లకీ ఇద్దరు ముగ్గురు స్నేహితులకీ మాత్రమే తెలుసు. వాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఇంకేమీ మోగదు, ఇంకేమీ మెరవదు. ఇదీ ఒక సుఖమే. అయితే అది ఈ ఫోన్ గొప్పతనమో, రెండో ఫోన్ పెట్టుకోగలిగిన నా వెసులుబాటో విడదీసి చెప్పలేను.

కొనమంటారా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చేతిలో ఒకటే ఫోన్ ఉండాలనుకునేవాళ్లకి వద్దు. కాల్స్ చాలు, పాతకాలపు వస్తువంటే ఇష్టం అనేవాళ్లు వెతుక్కోవచ్చు. కానీ ఒరిజినల్ బ్యాటరీ మీద ఆశ వదులుకోండి. నేను తెప్పించిన డూప్లికేట్లలో ఒకటి ఉబ్బి వెనక మూత పట్టకుండా చేసింది. అలా ఉబ్బితే వెంటనే తీసేయాలి, మూత బలవంతంగా నొక్కకూడదు. ఛార్జింగ్ కేబుల్ పాత మినీ యూఎస్‌బీ, పాత డిజిటల్ కెమెరా ఏదైనా అటక మీదుంటే దాని సంచీలో చూడండి. ఇక సెకండ్ హ్యాండ్‌లో దొరికేవాటిలో బాడీ మార్చినవి ఎక్కువ. తళతళలాడుతుంటే ముందు దాన్నే అనుమానించండి. చీకట్లో కీప్యాడ్ వెలుగు అంతటా ఒకేలా ఉందో లేదో చూడండి, మూత మూసి వినండి. టప్ మంటే వాడు ఎంతకి దిగినా తీసుకోకండి.